సామూహిక సైకిలు వ్యాయామం

సామూహిక సైకిలు వ్యాయామం అనగా వ్యాయామశాలలో శిక్షకుని సూచనల ప్రకారం పలువురు ఒకేసారి స్థిరమైన సైకిళ్ళను తొక్కడం. ఎవరి శక్తికి తగినట్లు వారు చక్రపు బిగువును మార్చుకోవచ్చును. సికింద్రాబాదు వంటి రద్దీ నగరాలలో రహదారి ప్రమాదాల భయం లేకపోవడం దీని సౌలభ్యం. హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు మార్గం నగరానికి పడమట ఉన్నందున సికింద్రాబాదు వాసులకు దూరం.

ప్రయోజనాలు

సైకిలు తొక్కడం వలన గుండె, ఊపిరితిత్తులు, కాళ్ళ కండరాలు బలపడతాయి. శరీర భారాన్ని అధికంగా సీటు మోస్తుంది కనుక పరుగు కంటే మోకాళ్ళపై ఒత్తిడి తక్కువ.

జాగ్రత్తలు

అలవాటు లేనివారు తొలిరోజే తీవ్రంగా తొక్కితే, అరుదుగా కండర కణాలు చితికి, వాటినుండి వెలువడే మయోగ్లోబిన్ వలన మూత్రపిండాలు దెబ్బతినవచ్చును. మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి.