కాపలా కుక్కకే కాపలా!

సాటి కుక్క కనబడితే మీద పడే పెంపుడు కుక్కలు
యజమానులు ముందే జాగ్రత్త పడాలంటున్న పశువైద్యులు

అనంతపురం:

వేరుశనగ పీకి వామి వేశాక జిల్లాలోని పొలాల్లో గొర్రెల మందలు దిగుతాయి. ఎరువు కోసం రైతు తన చేలో మంద కట్టించుకుంటాడు. కాపరికి గింజలో, డబ్బులో ముట్టజెబుతాడు. పొలానికి సత్తువ, జీవాలకు మేత. ఇద్దరికీ లాభసాటి బేరమే. ఆ బేరాన్ని ఒక్కోసారి రైతు వెంట వచ్చిన కుక్క చెడగొడుతుంది.

మంద వెంట కాపరి కుక్కలు రెండో మూడో ఉంటాయి. రాత్రివేళ తోడేలు జాడ తెలిస్తే కాపరిని లేపేవి అవే. రైతు కుక్క గట్టు దాటిందో లేదో వాటి మీద పడుతుంది. "అన్నా, నీ కుక్కను పట్టుకోప్పా!" అని కాపరి కేక వేసేలోగానే దుమ్ము రేగుతుంది. గొర్రెలు బెదిరి చెల్లాచెదురవుతాయి. గొంతులు పట్టుకున్న కుక్కలను విడదీయబోయి ఎవరో ఒకరు మధ్యలో చెయ్యి పెడతారు. ఆ చేతిలో కోర దిగుతుంది. తెల్లారేసరికి మంద పక్క చేలోకి మళ్లిపోతుంది. ఎరువు పోయె, స్నేహం పోయె. మిగిలింది ఆసుపత్రికి పరుగు.

ఊళ్లోనూ ఇదే తంతు. ఇంటికో రాజు, వీధికో టైగరు. ఒకరి కుక్క మరొకరి కుక్కను కరిస్తే మాటా మాటా పెరిగి ఇరుగు పొరుగు మాట్లాడుకోని స్థితి వస్తుంది. ఇంటికి కాపలా ఉంటుందని తెచ్చుకున్న కుక్కకు చివరకు ఇంటిల్లిపాదీ కాపలా కాయవలసి వస్తుంది. కాస్త ముందుచూపు ఉంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుందని పశువైద్యులు అంటున్నారు.

పౌరుషం కాదు, భయం

తన కుక్క నాలుగు కుక్కలను తరిమితే యజమాని మీసం మెలేస్తాడు. "మావాడికి పౌరుషం ఎక్కువ" అని చెప్పుకుంటాడు. నిజానికి సాటి కుక్క మీదికి దూకే కుక్కల్లో చాలావాటికి ఉన్నది పౌరుషం కాదు, భయం. ఎదుటిది తన మీద పడకముందే తాను పడాలన్నదే వాటి తాపత్రయం.

దీనికి మూలం చాలాసార్లు పిల్లనాడే ఉంటుంది. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి సుమారు మూడు నెలల వయసు వరకు ఏది చూస్తే దానికి అలవాటు పడుతుంది. తల్లితో, తోడబుట్టిన పిల్లలతో ఆడుకుంటూనే ఎంత గట్టిగా కొరకవచ్చో, ఎక్కడ ఆపాలో నేర్చుకుంటుంది. కళ్లు తెరిచీ తెరవకముందే పిల్లను తల్లి నుంచి వేరు చేసి తెచ్చి ఒంటరిగా కట్టేస్తే ఆ పాఠం అందదు. పెద్దయ్యాక సాటి కుక్కతో ఎలా మెలగాలో దానికి తెలియదు.

తన వాకిలి, తన తిండి, తన యజమాని అన్న పట్టుదల మరో కారణం. ఒంట్లో నొప్పి ఉన్నా కుక్క చిరాకు పడుతుంది. చెవిలో చీము, కీళ్ల నొప్పి, పుండులో పురుగులు ఉన్న కుక్క దగ్గరికి మరొకటి వస్తే ఊరుకోదు. ఇన్నాళ్లూ సాధువుగా ఉన్న కుక్క ఉన్నట్టుండి కయ్యాలకు దిగితే దండించే ముందు పశువైద్యశాలకు తీసుకుపోవాలి.

ముందే చెబుతుంది

కుక్క చెప్పకుండా కరవదు. చెప్పింది మనమే గమనించం. ఒళ్లు బిర్రబిగుసుకుంటుంది. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. తోక నిటారుగా లేస్తుంది. రెప్ప వేయకుండా ఎదుటి కుక్కనే చూస్తుంది. భయపడ్డ కుక్క అయితే చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య ముడిచి, మూతి నాక్కుంటూ ఉంటుంది. దారి దొరక్కపోతే అదీ కరుస్తుంది. ఈ గుర్తులు కనిపించగానే ఎదురు వెళ్లకుండా వెనక్కి మళ్లించుకుపోవాలి.

గుర్రుమన్న కుక్కను కొందరు కర్రతో బాదుతారు. ఇది పెద్ద పొరపాటు. గుర్రుమనడం హెచ్చరిక. దెబ్బలకు జడిసి కుక్క ఆ హెచ్చరిక మానుకుంటుందే కాని కోపం మానుకోదు. తర్వాత చప్పుడు లేకుండానే కరుస్తుంది. పైగా మరో కుక్క కనబడినప్పుడల్లా తనకు దెబ్బలు పడుతున్నాయని దాని మనసులో నాటుకుంటుంది. పగ ఇంకా పెరుగుతుంది.

గొలుసు తెచ్చే తంటా

పగలంతా వీధి గుమ్మం పక్కన పొట్టి గొలుసుతో కట్టేసిన కుక్కను చూడండి. దారిన పోయే ప్రతి కుక్కనూ చూసి ఎగురుతుంది. మెడ బిగుస్తుంది. అందదు. ఆ కసి రోజురోజుకూ పేరుకుపోతుంది. ఏ రోజో గొలుసు తెగితే ఇక అడ్డు ఉండదు.

కట్టక తప్పకపోతే వీధి కనబడని చోట, పెరటిలో, నీడన కట్టాలి. నీళ్ల తొట్టి అందుబాటులో ఉంచాలి. రెండు గుంజల మధ్య గట్టి తీగ లాగి, దానికి కడియం వేసి, గొలుసు ఆ కడియానికి తగిలిస్తే కుక్క అటూ ఇటూ తిరగడానికి వీలుంటుంది. గొలుసు గుంజకు చుట్టుకోకుండా చూసుకోవాలి. ఉదయం, సాయంత్రం పట్టుకుని తిప్పాలి. పని లేని కుక్కకే కయ్యాల మీద ధ్యాస ఎక్కువ.

తిప్పే వేళ కూడా ముఖ్యమే. మాంసం కొట్లు, విస్తళ్లు పారేసే చోట్లు, ఊరకుక్కలు గుమిగూడే కూడళ్లు తప్పించి నడవాలి. వదులుగా ఉన్న మెడపట్టెలోంచి తల వెనక్కి లాక్కుని కుక్క జారిపోతుంది. రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు. తాడు పొట్టిగా పట్టుకోవాలి గాని ఎప్పుడూ లాగి పట్టకూడదు. తాడు బిగిస్తే యజమాని కూడా బెదిరాడని కుక్కకు తెలిసిపోతుంది.

చిత్త కార్తె వస్తే

చిత్త కార్తె కుక్కల సంగతి పల్లెవాసులకు వేరే చెప్పనక్కర్లేదు. అక్టోబరు మధ్యలో వచ్చే ఈ కార్తెలో వీధి వీధినా మగకుక్కల గుంపులే. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. ఒక్కో ఎద సుమారు మూడు వారాలు ఉంటుంది. ఆ వాసనకు ఎక్కడెక్కడి మగకుక్కలో చేరి కొట్లాడుకుంటాయి. ఆ రోజుల్లో పెంపుడు కుక్కను, మగదైనా ఆడదైనా, విడిచిపెట్టరాదు. మందలు చేలల్లో దిగే రోజులూ ఇంచుమించు ఇవే కాబట్టి పొలానికి వెంట తీసుకుపోకపోవడం మంచిది.

పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స వల్ల మగకుక్క తిరుగుళ్లు, ఆడకుక్క కోసం పడే తగువులు తగ్గుతాయి. అయితే భయం వల్ల, అలవాటు వల్ల వచ్చిన కోపం దీనితోనే పోతుందనుకోరాదు. దానికి శిక్షణే మార్గం.

దూరం నుంచే నేర్పాలి

ఈ శిక్షణకు పెద్ద చదువు అక్కర్లేదు. ఓపిక ఉంటే చాలు. ఉడికించిన కోడిగుడ్డు ముక్కలో, మాంసం ముక్కలో చిన్నచిన్నవి జేబులో వేసుకోవాలి. కుక్కకు ఆకలిగా ఉన్న వేళ బయటికి తీసుకుపోవాలి. మరో కుక్క దూరంగా కనిపించే చోట నిలబడాలి. మన కుక్క దాన్ని చూడాలి కాని మొరగకూడదు, ఎగరకూడదు. అంత దూరం ఉండాలి. కొన్నిటికి యాభై గజాలు చాలు. కొన్నిటికి వంద గజాలు కావాలి.

అది ఎదుటి కుక్కను చూడగానే ఒక ముక్క నోటికి అందించాలి. మళ్లీ చూస్తే మరో ముక్క. ఎదుటి కుక్క మరుగైపోగానే ముక్కలు ఆపేయాలి. రోజుకు పది నిమిషాలు చాలు. కొన్నాళ్లకు సాటి కుక్క కనబడితే కయ్యానికి కాక ముక్క కోసం యజమాని మొహం చూస్తుంది. అప్పుడు నాలుగు అడుగులు దగ్గర చేయాలి. మొరిగిందంటే తొందరపడ్డామని అర్థం. మళ్లీ వెనక్కి జరగాలి.

తర్వాత తెలిసినవారి నెమ్మదైన కుక్కను తాడుతో పట్టుకోమని, రెండింటినీ బాటకు చెరోవైపున ఒకే దిక్కుకు నడిపించాలి. ఎదురెదురుగా తేకూడదు. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. అన్ని కుక్కలూ స్నేహితులు కానక్కర్లేదు. పక్కనుంచి పేచీ లేకుండా పోగలిగితే అదే పదివేలు.

మూతికి చిక్కం

పైరులో గుంటక తోలేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడతాం. ఎద్దును బాధపెట్టడానికి కాదు, పైరును కాపాడడానికి. కయ్యాల కుక్కను పదిమందిలోకి తీసుకుపోవలసి వస్తే అలాంటి ఏర్పాటే కావాలి. బుట్టలా వెడల్పుగా ఉన్న మూతి తొడుగులు బజారులో దొరుకుతాయి. కుక్క నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండాలి. రొప్పడం ద్వారానే కుక్క ఒళ్లు చల్లబరచుకుంటుంది. మూతిని తాడుతో బిగించి కడితే ఎండలో ప్రాణం మీదికి వస్తుంది. ముందు ఇంట్లో తొడుగులో తిండి ముక్క పెట్టి, దానంతట అదే మూతి దూర్చేలా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. తొడుగుతో కుక్కను ఒంటరిగా వదలరాదు.

చెయ్యి పెట్టరాదు

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి కొట్లాట జరగనే జరుగుతుంది. ఆ సమయంలో కుక్కకు తన పర తెలియదు. పెంచిన చేతినీ కొరుకుతుంది. మెడపట్టె పట్టుకుందామని చెయ్యి చాపడమే ప్రమాదం. పిల్లలను ముందు దూరంగా పంపాలి. బిందెడు నీళ్లు మొహాల మీద కుమ్మరించాలి. పళ్లెమో, డబ్బానో గట్టిగా మోగించాలి. గోనెసంచో, దుప్పటో మీద విసరాలి. మంచమో, తలుపు చెక్కో మధ్యకు తోయాలి. కర్రతో కొడితే పట్టు వదలకపోగా మరింత బిగిస్తాయి.

విడిపోయాక రెండింటినీ ఒకదానికొకటి కనబడకుండా ఉంచాలి. పైకి చిన్న గాటులా కనిపించినా కోర లోతుకు దిగి ఉంటుంది. నిర్లక్ష్యం చేస్తే చీము పడుతుంది, ఈగలు వాలి పురుగులు పడతాయి. పశువైద్యుడికి చూపించాలి. కరిచింది ఊరకుక్క అయితే టీకా వేయించిన కుక్కకు కూడా మళ్లీ టీకా అవసరం. దాని గాయాన్ని వట్టి చేతులతో ముట్టుకోకూడదు.

మనిషిని కరిస్తే

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందే సకాలంలో వైద్యం చేయించుకుంటే గండం తప్పుతుంది. పంటి గాటు పడగానే ధార కట్టే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు పెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కరిచింది ఇంటి కుక్కే కదా అని ఊరుకోరాదు.

బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం పెద్దలను ఇంకా వదల్లేదు. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 చివరికే ఆగిపోయింది. ఇప్పుడు టీకా చేతికే వేస్తారు. ఎక్కువగా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ వేరే మందు కూడా ఎక్కిస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు.

కుక్కకు మూడో నెలలో మొదటి రేబిస్ టీకా, వైద్యుడు చెప్పిన గడువుకు మరొకటి, ఆపైన ఏటేటా వేయించాలి. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఒక బాలుడికి టీకా మొదలుపెట్టి బతికించాడు. దాని గుర్తుగా ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం జరుపుతున్నారు. ఆ రోజున పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు.

"ఉస్కో" అంటే నేరం

రచ్చబండ దగ్గర కుర్రకారు రెండు కుక్కలను ఎదురెదురుగా నిలిపి "ఉస్కో ఉస్కో" అంటూ వినోదం చూస్తారు. వినోదం కోసం జంతువులను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. తన జంతువు వల్ల మనుషులకు అపాయం కలగకుండా యజమాని తగు జాగ్రత్త తీసుకోకపోతే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, అయిదు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

చట్టం దాకా పోనక్కర్లేదు. చేలో మంద దిగిన నాడు కుక్కను పెరటిలో ఉంచి, ఇంత సంగటి, నీళ్లు పెట్టి వెళితే సరి. కాపరి కుక్కల పని అవి చేసుకుంటాయి. పొలానికి ఎరువు దక్కుతుంది. మరుసటి ఏడాది కాపరి అడగకుండానే మంద తోలుకువస్తాడు.