లూథర్‌గిరి నుంచి హైదరాబాద్‌కు

చార్మినార్ నుంచి హుస్సేన్‌సాగర్ దిక్కుగా కొన్ని కిలోమీటర్లు వెళ్తే గాంధీనగర్ వస్తుంది. కాబోయే పాస్టర్లు చదువుకునే ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉన్నది అక్కడే. పేరులో లూథర్ ఊసే లేదు. పుట్టిల్లు మాత్రం రాజమండ్రిలోని లూథర్‌గిరి!

గుంటూరులో లూథరన్ల కథ 1842లో ఫాదర్ హయ్యర్ రాకతో మొదలైంది. ఒక్కో సంఘం బోధకుల శిక్షణ చాలాకాలం వేర్వేరు చోట్ల సాగింది. 1964లో లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘంవారు కలిసి లూథర్‌గిరిలో ఉమ్మడి కాలేజీ పెట్టారు. 1973లో అది హైదరాబాద్‌కు తరలింది.

మరి నలుగురిలో కలిస్తే సొంత గుర్తింపు చెరిగిపోదా? బాప్తిస్మం సంగతే చూడండి. లూథరన్లు పసిబిడ్డలకూ ఇస్తారు. బాప్టిస్టులు తమంతట తాము విశ్వాసం ఒప్పుకున్నవారికే ఇస్తారు. ఇద్దరూ ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్నప్పుడు 'మా తాతల నాటి నుంచీ ఇంతే' అంటే కుదరదు. బాప్తిస్మం దేవుడిచ్చే వరమని, మనిషి సాధించుకునేది కాదని లూథర్ ఎందుకన్నాడో చదివి చెప్పాలి. అవతలివారి మాటా వినాలి.

లూథర్ కూడా విటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవాడే. 1517లో ఆయన రాసిన 95 అంశాలు చర్చ కోసం పెట్టినవే. ఆ లెక్కన, ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సిన ఈ తరగతి గది లూథరన్ విద్యార్థికి పరాయిది కాదు.