తుమ్మబంక నీళ్లు తాగితే పురుగుమందు విషం పోతుందా?

పై వీడియోలో తుమ్మబంక, తపసిబంక, కొండగోగు బంక మూడింటినీ నీళ్లలో నానబెట్టి చూపించాను. అందులో సమయం చాలక చెప్పలేకపోయిన విషయం ఇక్కడ రాస్తున్నా.

"మందు కొట్టే ముందు తుమ్మబంక నీళ్లు తాగితే విషం ఒంటికి పట్టదు" అని ఫోన్లలో ఒక మాట తిరుగుతోంది. మనం ప్రకృతి సాగు చేస్తున్నా, మనలో కొందరు ఇంకా పక్క చేలకి కూలికి మందు కొట్టడానికి వెళ్తున్నారు. వాళ్లు ఇది నమ్మి గ్లౌజులు, మాస్కు పక్కన పడేస్తే ప్రాణాల మీదకొస్తుంది.

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. సూడాన్‌లో అకేసియా సెనెగల్ అనే చెట్టు ఉంది, మన నల్లతుమ్మకి చుట్టమే. దాని బంకనే గమ్ అరబిక్ అంటారు. దీనిమీద ఎలుకల్లో చాలా ప్రయోగాలు జరిగాయి. జెంటామైసిన్ ఇంజెక్షన్‌తో, పాదరసం లవణంతో కిడ్నీలు పాడుచేసి చూశారు. పారాసెటమాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి లివర్ దెబ్బతీసి చూశారు. బంక తాగించిన వాటిలో నష్టం తగ్గింది. విషం వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్ కణం పొరలోని కొవ్వుని తినేస్తాయి. ఆ తినేసినదానికి గుర్తు మాలాన్‌డయాల్డిహైడ్, అది తగ్గింది. శరీరం సొంతంగా తయారుచేసుకునే గ్లూటాథయోన్ అనే రక్షణ సరుకు నిలబడింది. అయితే అన్నిచోట్లా ఒకే ఫలితం రాలేదు. జెంటామైసిన్ విషయంలోనే ఒకరికి బాగా కనిపిస్తే ఇంకొకరికి ఓ మోస్తరుగానే కనిపించింది.

బంక ఇదెలా చేస్తుందన్నది నాకు బాగా నచ్చిన భాగం. బంకని మన కడుపు అరిగించుకోలేదు, అది పీచు పదార్థం. నేరుగా పెద్దపేగుకి పోతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. జీవామృతంలో బెల్లం, పప్పుల పిండి ఎందుకు వేస్తామో మీకు తెలుసు కదా, అచ్చం అదే లెక్క. మేత వేస్తే సూక్ష్మజీవి పని చేస్తుంది. 1996లో కిడ్నీ జబ్బు ఉన్న కొద్దిమందికి తక్కువ ప్రొటీన్ ఆహారంతో పాటు రోజుకి 50 గ్రాముల గమ్ అరబిక్ ఇచ్చి చూశారు. మలంలో నత్రజని ఎక్కువ బయటికి పోయింది, రక్తంలో యూరియా తగ్గింది. మనుషుల మీద జరిగిన పని కాబట్టి దీనికి నేను ఎక్కువ విలువిస్తా. అలాగని కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు పురుగుమందుల సంగతి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి ముందు దెబ్బకొట్టేది నరాల్లోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని. పైగా మందు కొట్టేవాళ్లకి విషం ఎక్కువగా ఎక్కేది చర్మం గుండా. చేతుల మీద, వీపు మీద కారిన మందుని పేగులో ఉన్న బంక ఎలా ఆపుతుంది చెప్పండి! పారాక్వాట్ గడ్డిమందు మాత్రం నిజంగానే ఫ్రీ రాడికల్స్‌తో ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. మరి అక్కడైనా బంక పనిచేయాలి కదా అంటారు. దానికి ఇంతవరకు రుజువైన విరుగుడే లేదు, బంకతో సహా.

మందు కొడుతూ ఎవరికైనా చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరి, చూపు మసకబారి, కండరాలు అదిరితే వెంటనే చేలోంచి బయటికి తీసుకురండి. గ్లౌజులేసుకుని బట్టలు విప్పేసి, సబ్బు నీళ్లతో ఒళ్లు కడగండి. 108కి ఫోన్ చేయండి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. అట్రోపిన్ ఆసుపత్రిలోనే ఉంటుంది. నోట్లో బంక నీళ్లు, మజ్జిగ ఏమీ పోయొద్దు.

మన బంకల దగ్గరికొస్తే, కొండగోగు బంక మీద హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు మంచి పని చేశారు. నీళ్లలో ఉన్న సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి విషపు లోహాల్ని అది పట్టేసుకుంటుందని చూపించారు. ఇది గిన్నెలో నీళ్ల సంగతి, ఒంట్లో రక్తం సంగతి కాదు. కానీ మా విశాఖ ఏజెన్సీలో గిరిజనులు ఏరి జీసీసీకి అమ్మే బంకకి ఇంత శక్తి ఉందంటే గర్వంగానే ఉంటుంది.

కొనేటప్పుడు గుర్తుపట్టడం తేలికే. తుమ్మబంక నీళ్లలో కరిగిపోతుంది. తపసిబంక కరగదు, జెల్లీలా ఉబ్బుతుంది, కొంచెం వెనిగర్ వాసన వస్తుంది. దాన్ని పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది, కాబట్టి రాత్రంతా నానబెట్టి ఎక్కువ నీళ్లతోనే తాగాలి. మాత్రలు వేసుకునేవాళ్లు బంకకీ మాత్రకీ మధ్య కొన్ని గంటలు ఎడం పెట్టండి, అమోక్సిసిలిన్ లాంటివి బంకతో కలిస్తే ఒంటికి సరిగా పట్టవు. ఇంకో సంగతి, బంక ఎక్కువ కారాలని చెట్టుకి ఎథెఫాన్ ఎక్కించే పద్ధతి కూడా ఉంది, మామిడికాయలు మగ్గబెట్టే మందే. విషానికి విరుగుడని కొనేదాంట్లోనే మందు! అందుకే ఏరేవాళ్లని అడిగి కొనండి.

పొలంలో మాత్రం తుమ్మబంకని అనుమానం లేకుండా వాడుకోవచ్చు. 10 కిలోల పప్పుధాన్యాల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పట్టించేటప్పుడు, బెల్లం నీళ్ల బదులు పల్చటి బంక జిగురు కలపండి. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తేయండి.