తీర్పు ఢిల్లీలో, నీళ్లు నక్కవాగులో

సుప్రీంకోర్టు ఢిల్లీలో ఉంది. నక్కవాగు మన పటాన్‌చెరు పక్కన పారుతుంది. ఆ కోర్టుకూ ఈ వాగుకూ సంబంధం ఏమిటి? సాంఘికశాస్త్రంలో ప్రాథమిక హక్కులు బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోతాం. ఆ హక్కు పుస్తకంలో నుంచి మన బిందె దాకా ఎట్ల వస్తుందో తెలియాలంటే ఈ వాగు కథ తెలుసుకోవాలి.

1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ ఫ్యాక్టరీలు వరుసగా వచ్చాయి. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలే ఎక్కువ. కొందరికి కొలువులు దొరికిన మాట నిజమే. కాని వాటి విషపు నీళ్లు చెరువుల్లో, నక్కవాగులో కలిశాయి. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. పంటలు దెబ్బతిన్నాయి, గొడ్లు జబ్బు పడ్డాయి. బావుల నీళ్లు, బోరింగుల నీళ్లు కూడా పాడయ్యాయి.

1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ దీని మీద సుప్రీంకోర్టులో కేసు వేసింది. కింది కోర్టు నుంచి మెట్లెక్కి పోవాలి కదా, నేరుగా ఢిల్లీకి ఎట్ల పోయారు అని అనుమానం రావచ్చు. ప్రాథమిక హక్కు దెబ్బతింటే నేరుగా సుప్రీంకోర్టుకే పోవచ్చని రాజ్యాంగం 32వ అధికరణంలో ఉంది. కోర్టుకు పోలేని జనం తరఫున వేరేవాళ్లు కూడా వేయవచ్చు. దాన్నే ప్రజాప్రయోజన వ్యాజ్యం అంటారు.

మరి నీళ్లు ప్రాథమిక హక్కు ఎట్లయినయి? రాజ్యాంగంలో నీళ్ల హక్కు అని ఎక్కడా రాసి లేదు. 21వ అధికరణంలో ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ ఉందని మాత్రమే ఉంది. 1991లో సుభాష్ కుమార్ అనే ఆయన బీహార్ రాష్ట్రం మీద వేసిన కేసులో కోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. బతికే హక్కులో కలుషితం కాని నీళ్లు, గాలి పొందే హక్కు కూడా ఉందని అన్నది. విచిత్రం ఏమిటంటే ఆ కేసు వేసినాయన ఓడిపోయాడు. సొంత కక్షతో వేశాడని కోర్టు కేసు కొట్టేసింది. ఆయన ఓడినా ఆ మాట మాత్రం మనందరికీ మిగిలింది. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రాన్ని దేశంలోని కోర్టులన్నీ పాటించాలని 141వ అధికరణం చెబుతుంది.

1997 సమత తీర్పు కూడా అటువంటిదే. అది అప్పటి విశాఖపట్నం జిల్లా బొర్రా ప్రాంతంలో గనుల కేసు. షెడ్యూల్డు ఏరియాలో ప్రభుత్వ భూమి అయినా సరే, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని కోర్టు తేల్చింది. కేసు బొర్రా వాళ్లది, రక్షణ ఎందరో గిరిజనులకు.

ఇక మన వాగు సంగతి. బాధిత గ్రామాలకు మంచినీళ్లు ఇవ్వాలని, నష్టం ఎంతో జిల్లా జడ్జి విచారించాలని, రైతులకు పరిహారం ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి. 2001లో కేసును హైకోర్టుకు పంపారు. తర్వాత అది జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయింది. ఈలోగా ఫ్యాక్టరీల నీళ్లకు ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అయితే ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు ఉందని తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కంటే ఇది ఎక్కువ! అట్లాంటి నీళ్లలో పెరిగిన సూక్ష్మక్రిములు మందుకు అలవాటు పడతాయి. తర్వాత మనకు జబ్బు చేస్తే ఆ మందు పనిచేయదు.

అయితే తీర్పు వృథా అయిందా? కాలేదు. కోర్టు ఆర్డరు ఇస్తుంది, పైపు వేయదు. పైపు వేయాల్సింది అధికారులు. వాళ్లు కోర్టుకు తోడ్పడి తీరాలని 144వ అధికరణం అంటుంది. వాళ్లు కదలకపోతే "ఆర్డరు ఏమైంది?" అని అడిగేవాళ్లు ఉండాలి. ఇక్కడ ఊరివాళ్లు, పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు గారి వంటివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు. అడిగినవాళ్లు లేకపోతే ఆర్డరు ఫైలులోనే ఉండిపోయేది.

అడగడానికి డబ్బులు లేవని వెనక్కి తగ్గనక్కర లేదు. 1987లో చేసి 1995లో అమలులోకి తెచ్చిన న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు, ఎస్సీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. సంగారెడ్డి కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు తండాలో ఈ సంగతి చెప్పండి. నీళ్లు బాగా లేకపోతే పంచాయతీకి నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఇవ్వమనండి. తేదీ వేయాలి, నకలు దగ్గర పెట్టుకోవాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. రేపు కోర్టు దాకా పోవాల్సి వస్తే మొదట చూపించేది ఆ కాగితమే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మంచినీళ్లు అడగడం బిచ్చమెత్తడం కాదు, అది మన హక్కు.