చిన్నబిడ్డల ఆయాసం: తల్లిదండ్రులకు ఒక మాట

గార్లదిన్నెలో చెనక్కాయలు ఒలిచే రోజులవి. ఒక తల్లి నాలుగేండ్ల పాపను ఎత్తుకొని ప్రార్థన కోసం మా యొద్దకు వచ్చింది. రాత్రిళ్లు దగ్గు, పరుగెత్తితే ఆయాసం, రొమ్ములో పిల్లికూతలు. జలుబేలే అనుకొని, ప్రార్థించి పంపివేశాము. తెల్లవారుజామున బిడ్డ డొక్కలు ఎగరవేస్తుంటే ఆటోలో అనంతపురానికి పరుగెత్తవలసి వచ్చింది. దేవుని కృపను బట్టి బిడ్డ దక్కింది. ప్రార్థించినందుకు కాదు, ఆసుపత్రికి వెళ్లమని చెప్పనందుకు మేము నేటికీ సిగ్గుపడుచున్నాము. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా!

అయిదేండ్ల లోపు బిడ్డకు ఉబ్బసమని తేల్చడం డాక్టర్లకే కష్టం. గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్షను ఆ వయసువారు సరిగా చేయలేరు. కావున తల్లి చెప్పే మాటే ముఖ్యం. పిల్లికూతలు ఎన్నిసార్లు వచ్చాయి? జలుబు లేనప్పుడు కూడా, ఆడినా, నవ్వినా, ఏడ్చినా వస్తున్నాయా? దగ్గు నిద్ర లేపుతున్నదా? ఇంట్లో ఎవరికైనా ఉబ్బసమున్నదా? ఇవి గమనించి చెప్పండి. జలుబుతో వచ్చే ప్రతి కూతా ఉబ్బసం కాదు. అనేకమందికి పెరిగే కొద్దీ తగ్గిపోతుంది. అయితే బాగున్న బిడ్డకు తింటూ ఆడుతూ ఉన్నట్టుండి దగ్గు, ఆయాసం వస్తే చెనక్కాయ విత్తు ఊపిరి గొట్టంలో చిక్కి ఉండవచ్చు. ఆలస్యం చేయవద్దు.

“పంపు అలవాటైతే వదలదు, రేపు ఆడబిడ్డకు పెండ్లెట్లా?” అని ఆ తల్లి ఏడ్చింది. పంపు వ్యసనం కాదు. పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది గనుక కొద్ది మోతాదే చాలును. చిన్నవారికి మాస్కు గల స్పేసరుతో ఇస్తారు. సాల్బుటమాల్ ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గిస్తుంది. బుడెసొనైడ్ వంటి మందు రోజూ వాడితే లోపలి వాపు తగ్గి, ఆయాసం మరల మరల రాకుండా ఉంటుంది. రెండు మూడు నెలలు వాడించి, గుణం చూచి డాక్టరు నిర్ణయిస్తారు. సొంతంగా మానవద్దు. మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబంవారిచ్చే చేపమందుకు శాస్త్రీయ రుజువు లేదు. దానిని నమ్మి పంపు మాన్పించవద్దు.

పొయ్యి పొగ, బీడీ పొగ, దోమల చుట్ట, చెనక్కాయల దుమ్ము బిడ్డకు దూరముంచండి. ఏడాది దాటిన బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 40 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీసినా, డొక్కలు ఎగరవేసినా, త్రాగలేకపోయినా, మగతగా ఉన్నా, పెదవులు నీలమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. 108కు ఫోను చేయండి.

ఆ పాప ఇప్పుడు సండేస్కూలులో అందరికంటె గట్టిగా పాడుచున్నది. తల్లి సంచిలో బైబిలు ప్రక్కన స్పేసరు ఉంటుంది. మీ ఇంట బిడ్డ దగ్గుతుంటే ప్రార్థించండి, ఆసుపత్రికి కూడా బయలుదేరండి.