కామా దగ్గర తేడా: అపోజిటివ్, ఆబ్సొల్యూట్ ఫ్రేజ్

ఒక నామవాచకం పక్కనే, అదే మనిషినో వస్తువునో మరో మాటలో చెప్పే ఇంకో నామవాచకం వస్తే దాన్ని ఇంగ్లిష్ వ్యాకరణంలో అపోజిటివ్ అంటారు. ‘మై సిస్టర్, ఎ నర్స్, వర్క్స్ ఇన్ గుంటూర్’ అన్న వాక్యంలో సిస్టరూ నర్సూ ఒకరే. ఇది తెలుగువారికి కొత్త సంగతి కాదు. ‘గోదావరి నది’ని సంభావనా పూర్వపద కర్మధారయమని బడిలో చదువుకున్నవారికి గోదావరీ నదీ ఒకటేనని తెలుసు. కాకపోతే తెలుగులో వివరం ఎక్కువగా పేరుకు ముందు వస్తుంది: ‘నర్సుగా పనిచేసే మా అక్క’. ఇంగ్లిష్‌లో అది తరచూ పేరు వెనక చేరుతుంది.

ఇక్కడ కామా అలంకారం కాదు. సంప్రదాయ నియమం ప్రకారం ‘మై బ్రదర్ రవి’ అని కామా లేకుండా రాస్తే, ఉన్న అన్నదమ్ముల్లో రవి అనేవాడని అర్థం. రవిని రెండు కామాల మధ్య పెడితే, ఉన్నది ఒక్కడే, అతని పేరు రవి.

ఆబ్సొల్యూట్ ఫ్రేజ్ సంగతి వేరు. ‘ఆబ్సొల్యూట్’కు మూలమైన లాటిన్ మాటకు విడివడినది అని అర్థం. ‘పొద్దు గూకాక రైతులు ఇళ్లకు వెళ్లారు’ అంటే గూకింది పొద్దు, వెళ్లింది రైతులు. ఇదే ఇంగ్లిష్‌లో ‘ది సన్ హావింగ్ సెట్, ది ఫార్మర్స్ వెంట్ హోమ్’ అవుతుంది. ఈ పదబంధానికి తన సొంత కర్త ఉంటుంది, సమాపక క్రియ మాత్రం ఉండదు. ఏ ఒక్క నామవాచకానికో అంటుకోకుండా మొత్తం వాక్యానికి సందర్భాన్ని చెబుతుంది. సంస్కృతంలో సతిసప్తమి చేసే పని దాదాపు ఇదే. సంస్కృతం సప్తమిని వాడితే, లాటిన్ పంచమికి సాటివచ్చే విభక్తిని వాడింది.

రెంటినీ గుర్తుపట్టడం కష్టం కాదు. ‘షి స్టుడ్ ఎట్ ది డోర్, హర్ ఐస్ ఫుల్ ఆఫ్ టియర్స్’ వాక్యంలో ‘ఐస్’ తర్వాత ‘వర్’ చేర్చితే ఆ ముక్క తనంతట తానే వాక్యమైపోతుంది. అలా అయితే అది ఆబ్సొల్యూట్. ‘ఎ నర్స్’కు ఆ శక్తి లేదు, దాన్ని సిస్టర్ స్థానంలో పెట్టి చదువుకోవచ్చు, అంతే.

ఈ విడివడిన బంధం ఎంత బరువు మోయగలదో అమెరికా రాజ్యాంగం రెండో సవరణ చూపుతుంది. 1791లో ఆమోదం పొందిన ఆ సవరణ మొత్తం 27 మాటలే. స్వేచ్ఛాయుత రాజ్య భద్రతకు క్రమబద్ధమైన మిలీషియా (పౌరసేన) అవసరమని చెప్పే మొదటి భాగం ఆబ్సొల్యూట్ నిర్మాణం. ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కు రెండో భాగంలో ఉంది. మొదటిది రెండోదానికి హద్దు గీస్తుందా, ఉద్దేశం చెప్పి ఊరుకుంటుందా? 2008లో ఇదే ప్రశ్న వచ్చిన హెల్లర్ కేసులో భాషాశాస్త్రవేత్తలు సైతం తమ వాదన సమర్పించారు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఐదుగురు మొదటి భాగం ఆ హక్కును కుదించదన్నారు. నలుగురు ఒప్పుకోలేదు.