వెర్జేరియో: రాయబారము, పీఠభ్రంశము

క్రీ. శ. 16వ శతాబ్దమునఁ బశ్చిమ క్రైస్తవ సంఘమునఁ బుట్టిన చీలికను మాన్పుటకు మతాచార్యుల మహాసభ యొక్కటియే యుపాయమని పలువురు తలంచిరి. ఆ సభ నిమిత్తమై పోపు పక్షమున జర్మను ప్రభువుల కాహ్వానము కొనిపోయిన రాయబారి పియెర్ పావొలో వెర్జేరియో. పదునొకండేండ్లకు, సభ కూడిన పిమ్మట, అందు స్థానము లేదని త్రిప్పి పంపఁబడినవాఁడు నతఁడే. ఈ విపర్యయమునకుఁ గారణ మతని యుద్యోగ చరిత్రమునందే కలదు.

వెర్జేరియో 1498 ప్రాంతమున వెనీసు రాజ్యములోని కాపోదిస్త్రియా పట్టణమున జన్మించెను. అది నేఁడు స్లోవీనియా దేశమునఁ గోపెర్ అను పేర నున్నది. ఇదే పట్టణమున నిదే పేరుగల పండితుఁ డంతకుముందొకఁ డుండి, 15వ శతాబ్దారంభమున బాలవిద్యనుగూర్చి గ్రంథము రచించెను. ఇరువురును వేఱని గ్రహింపవలెను. ఈ వెర్జేరియో పాదువాలో న్యాయశాస్త్రము చదివి, వివాహమాడి, భార్య మరణించిన పిమ్మటఁ బోపు కొలువు చేరెను. 1533లో ఏడవ క్లెమెంటు పోపు అతనిని వియన్నాకు, ఫెర్డినాండు రాజునొద్దకు, రాయబారిగా నంపెను.

1535లో మూఁడవ పాల్ పోపు మహాసభ సంకల్పము నెఱిఁగించుటకై యతనినే మరల నియోగించెను. అతఁడు జర్మనీలో బెక్కు సంస్థానములు దిరిగి, నవంబరు 7వ తేదీన విట్టెన్‌బర్గు కోటలో లూథరును గలసికొనెను. నాఁడు లూథరు వేకువనే మంగలిని బిలిపించి, మంచి దుస్తులు ధరించి, వయసు మళ్లనివానివలెఁ గనఁబడఁ గోరెనఁట. సభ కూడినచో వత్తునని లూథరు చెప్పెను. ఐనను వెర్జేరియో రోమునకు వ్రాసిన లేఖలో నతనిని మిక్కిలి నిందించెను. లూథరు పక్షపు ప్రభువు లాహ్వానమును ద్రోసిపుచ్చిరి. 1537లో మాంతువాలోఁ గూడవలసిన సభ కూడదయ్యెను.

వెర్జేరియో 1536లో స్వస్థలమునకు బిషప్పయ్యెను. 1540-41లో వర్మ్స్ నగరమున జరిగిన మతచర్చకుఁ బోయివచ్చిన పిదప, తన మండలములోని మూఢాచారములను ఖండింపఁ దొడఁగెను. 1544 చివర నతనిపై మతద్రోహాభియోగము వచ్చెను. విచారణ నడపినవాఁడు వెనీసులోని పోపు రాయబారి జొవాన్ని దెల్లా కాసా. ఒకనాఁటి రాయబారికి మఱియొక రాయబారి న్యాయాధిపతి యయ్యెను. 1546లో నభియుక్తుఁడు త్రెంతు మహాసభ కేఁగి తన పక్షము చెప్పికొనఁజూడఁగా నచ్చటఁ బ్రవేశము దొరకలేదు. 1548లోఁ బాదువాలో, నూతన మతమును విడిచితినని పశ్చాత్తాపమునఁ గుములుచుండిన ఫ్రాంచెస్కో స్పియేరా యను న్యాయవాది మరణశయ్యను జూచి, అతని మనసు స్థిరపడెను. 1549లో నాల్పు కొండల లోయలకుఁ బాఱిపోయెను. పీఠము పోయెను.

తరువాత నతని యాయుధము లేఖిని. 1549లో వెనీసున వెలువడిన దెల్లా కాసా నిషిద్ధగ్రంథ పట్టికను, దనయాక్షేపణలతో నచ్చొత్తించెను. 1553లో వుర్టెంబెర్గు ప్రభువు నాశ్రయించి, ప్రిమోజ్ ట్రూబరును స్లోవీను భాషలోనికి బైబిలు ననువదింపఁ బ్రోత్సహించెను. 1555లో నచ్చైన మత్తయి సువార్త యా ప్రోత్సాహఫలము. అతఁడు 1565లో టూబింగెనునఁ గాలధర్మము నొందెను.

ఒక పక్షమువా రతనిని ద్రోహి యనిరి. వేఱొక పక్షమువారు స్థిరచిత్తుఁడు కాఁడని శంకించిరి. ఎదిరిపక్షమువారి మాట వినుటయే రాయబారి విధి. విన్న మాట మనసున నాఁటినచో నతఁ డుభయులకును బరాయి యగును. సంధికై యంపఁబడిన యతని జీవితమే యా సంధి యెంత దుర్ఘటమో తెలుపుచున్నది.